పులి వీర్యము, పిల్లి పరీక్ష – ఒక విమర్శ

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పి బిగించిన మేస్త్రీ, అది స్టార్టు అయినంత మాత్రాన బండిని యజమానికి అప్పగించడు. లోడుతో రోడ్డుమీద నడిపి చూడవలెను. పిల్లిజాతి జంతువుల వీర్యాన్ని గడ్డకట్టించి నిలువచేసే పరిశోధనలను చదివేటపుడు ఈ తేడాను గుర్తుంచుకొనడం మంచిది. సూక్ష్మదర్శిని కింద ఈదిన శుక్రకణము స్టార్టు అయిన ఇంజను వంటిది. పిల్ల పుట్టడం వేరు సంగతి.

ఈ కృషి తెలుగునాట హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో జరిగినది. ఎస్. శివాజీ, ఆయన సహచరులు 1998లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రెండు వ్యాసాలు ప్రకటించారు. దగ్గరి రక్తసంబంధం గల జంతువులు జతకట్టడం వలన కలిగే క్షీణత పెద్దపిల్లులలో ఎంత ఉన్నదో టెస్టోస్టిరాన్ పరిమాణము, వీర్యపరీక్షల ద్వారా అంచనా వేయడం మొదటిదాని విషయము. పులి, చిరుతల వీర్యాన్ని గడ్డకట్టించడం రెండవదాని విషయము.  

మొదటి ప్రశ్న అకారణంగా పుట్టినది కాదు. చీతాల వీర్యంలో సుమారు 70 శాతం కణాలు వికృతాకారంతో ఉన్నవని 1983లో తెలిసినది. గిర్ సింహాలలోను వికృతకణాలు హెచ్చుగా ఉన్నట్లు 1987లో వెల్లడి అయినది. కనుక మన జంతువుల సంగతి మనమే కొలిచి ఉంచుకొనడం మెచ్చదగిన పని. అటువంటి కొలతలు లేనిదే తరువాతివారికి పోల్చుకొనే ఆధారమే ఉండదు.

అయితే కొలిచేది దేనిని? కణాల సంఖ్య, కదిలే వాటి శాతం, తల, తోకల ఆకారము. ఇవి అవసరమే గాని చాలవు. శుక్రకణము తలపై ఎక్రోసోమ్ అనే టోపీ కలదు. అండము పొరను కరిగించే ఎంజైములు అందులో ఉంటవి. వీర్యాన్ని కోడిగుడ్డు పచ్చసొన, గ్లిసరాల్ కలిపిన ద్రవంలో చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. గ్లిసరాల్ ఈ విధంగా శుక్రకణాలను కాపాడునని 1949లో ఇంగ్లండులో కనుగొన్నారు. ఎంత జాగ్రత్తపడినా కొన్ని కణాలలో ఈ టోపీ చెడుతుంది. అటువంటి కణము కరిగించిన పిమ్మట చురుకుగా ఈదవచ్చు, కాని అండాన్ని భేదించలేదు. చలనశాతమొక్కటే చూచి “జాతిని భద్రపరిచినాము” అనడం తొందరపాటు.

పైగా పిల్లులకొక చిక్కు కలదు. ఆవు ఎదకాలంలో దానంతట అదే అండము విడుదల చేస్తుంది. పిల్లికి సాధారణంగా జత కట్టిన తరువాతనే అండము విడుదల అగును. కృత్రిమ పద్ధతిలో ఆ పనిని హార్మోను సూదులతో జరిపించవలెను. వాటి మోతాదు, వేళ తప్పితే ఎంత మంచి వీర్యమైనా వ్యర్థమే. గడ్డకట్టించిన వీర్యంతో ఇంటిపిల్లులకు గర్భము కలిగించినట్లు 1978లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. శరీరం బయట ఫలదీకరణం చేసిన పిండాలతో పులిపిల్లలు పుట్టినది 1990లో. ఈ విద్యలో అసలు మార్కులు పడేది అక్కడ.

కృష్ణా ముఖద్వారపు మడ అడవులలో చేపలు పట్టి తినే నీటిపిల్లి ఉన్నది. మడలు పోతే సీసాలోని వీర్యము దానికి ఇల్లు కట్టిపెట్టలేదు. అయినా రోడ్డుపై మగపిల్లి చనిపోయినపుడు చేయదగిన పని ఒకటి కలదు. వృషణాలను 4 డిగ్రీల వద్ద చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాల చేర్చితే, ఎపిడిడిమిస్ నుండి బ్రతికిన కణాలను తీయవచ్చును. అందుకు కావలసినవి ఐసుపెట్టె, చేయి తిరిగిన పశువైద్యుడు. ఆ అభ్యాసానికి పులి అక్కరలేదు. ఇంటి మగపిల్లులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసినపుడు పారవేసే వృషణాలు చాలును.