బస్తా ఏ రోజు అందుతుంది?

యూరియా ప్రస్తావన వస్తే చాలు, మన రైతు అతిగా చల్లుతున్నాడన్న తీర్పు వచ్చిపడుతుంది. ఈ వారం కూడా అదే విని విసుగొచ్చింది. అందులో నిజం లేదనను. 45 కిలోల బస్తా రూ.266.50కి దొరుకుతుంటే, దానికి ఎన్నో రెట్లు ధర పెట్టి డీఏపీ, పొటాష్ కొనేవాడి చెయ్యి ముందు యూరియా మీదికే పోతుంది. చల్లిన నాలుగు రోజులకే చేను పచ్చబడుతుంది కూడా. కానీ నత్రజని ఎక్కువైన పైరు ఏపుగా ఎదిగి, మెత్తబడి, సుడిదోమకూ అగ్గితెగులుకూ లొంగిపోతుంది, గాలివానకు పడిపోతుంది. పైరు తీసుకోని నత్రజనిలో కొంత నైట్రేటుగా మారి బావుల్లోకి దిగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇవన్నీ చూస్తే, ధర పెంచితే వాడకం అదుపులోకి వస్తుందన్న వాదన సబబుగానే తోస్తుంది.

అయితే నష్టం ఎక్కడ జరుగుతోందో చూడాలి. యూరియాలో 46 శాతం నత్రజని. వరి మడిలో నిలిచిన నీళ్లలో చల్లితే అందులో కొంత అమ్మోనియాగా మారి, పగటి ఎండలో గాలిలో కలిసిపోతుంది. మిగిలిన దానిలో కొంత, మడి పైపొరలో ఆక్సిజన్ ఉన్నచోట నైట్రేటవుతుంది. కింద గాలి ఆడని బురదలోకి దిగాక మళ్లీ వాయువై పైకి పోతుంది. అందుకే శాస్త్రవేత్తలు ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నారు: నత్రజనిని మూడు భాగాలు చేసి నాటేముందు, దుబ్బు కట్టేటప్పుడు, అంకురం దశలో వేయాలి. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలి. 36 నుంచి 48 గంటలాగి పలచగా నీరు పెట్టాలి. 2015 నుంచి యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు కదా, ఇంకా ఇదంతా ఎందుకని అడగవచ్చు. వేపపూత నత్రజని నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప, నిలువ నీటి మీద చల్లిన యూరియా ఆవిరైపోకుండా ఆపలేదు. బంగ్లాదేశ్‌లో గుళికలుగా చేసిన యూరియాను నాలుగు దుబ్బుల మధ్య బురదలో పాతిపెట్టేది ఈ నష్టాన్ని తప్పించడానికే. ఆకు రంగు పట్టికతో చూసి, పైరుకు అవసరమైనప్పుడే వేయండని ఈ కాలమ్ పదేపదే పోరేదీ అందుకే.

ఈ సలహాలన్నీ ఒక హామీ మీద నిలబడ్డాయి: బస్తా అదునుకు అందాలి, తీసేసిన నీరు మళ్లీ రావాలి. 2025 వానాకాలంలో చెప్పులూ పాసుపుస్తకాలూ వరుసలో పెట్టి రైతులు యూరియా కోసం కాపలా కాశారు. రెండో బస్తా దొరుకుతుందో లేదో తెలియనప్పుడు మూడు భాగాలు చేయమంటే ఎవరు వింటారు? దొరికిన రోజునే, దొరికినదంతా చల్లేస్తారు. కాలువ చివరి భూముల రైతు మడిలో నీళ్లు తీయడు, మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియదు గనుక. ఇక పాసుపుస్తకం లేని కౌలుదారు దొరికినప్పుడే ఎక్కువ కొని దాచుకుంటాడు. అంటే కొరతే అతివాడకాన్ని పెంచుతోంది. ధర పెంచితే ఖర్చు పెరుగుతుంది గానీ ఈ భయం పోదు.

ధారాళంగా ఇస్తే ప్లైవుడ్ జిగురు తయారీకి తరలిపోతుందన్న అభ్యంతరం ఉంది. నిజమే, తరలుతోంది. దాన్ని గోదాములోనూ ఫ్యాక్టరీలోనూ పట్టుకోవాలి, రైతును క్యూలో నిలబెట్టి కాదు. సాగు చేసేది ఎవరో, ఎప్పుడు నాటారో ఊళ్లోనే నమోదు చేసి, దుబ్బు దశకు ఇన్ని బస్తాలు, అంకురం దశకు ఇన్ని అని తేదీలు వేసిన చీటీ కౌలుదారుతో సహా అందరికీ ముందే ఇవ్వాలి. కాలువ వంతులు కూడా ఆ తేదీలకు కుదర్చాలి. తక్కువ వాడమని రైతుకు చెప్పడం ఆ తర్వాతి మాట.