విప్పడం తెలిసిన చెయ్యి

బల్ల మీద ఒక తెల్లకాగితం. దానిమీద ఫోను పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసిన గీత. గీత లోపల అక్కడక్కడ రెండువైపులా అంటుకునే టేపు ముక్కలు, వాటిమీద నువ్వుగింజంత స్క్రూలు పదమూడు. పైన ఎనిమిది, కింద అయిదు. ఫోనులో ఏ స్క్రూ ఎక్కడ ఉండేదో కాగితం మీదా సరిగ్గా అక్కడే ఉంది. నెల్లూరు మైపాడు గేటు దగ్గర ఒక చిన్న సెల్లు కొట్టులో ఇలాంటి కాగితం మొదటిసారి చూసినప్పుడు, పాపం మతిమరుపు కుర్రాడేమో అనుకున్నాను. తర్వాత నా ఫోను నేనే విప్పుకున్న రోజున ఆ కాగితం విలువ తెలిసింది. చూడ్డానికి ఒకేలా ఉన్న స్క్రూల్లో ఒకటి మిగతావాటికన్నా పిసరంత పొడవు. దాన్ని పొట్టిదాని చోట బిగిస్తే కింద ఉన్న బోర్డులోకి దిగి, పొరల్లో దాగిన సన్నటి రాగిదారుల్ని తెంపేస్తుంది. అద్దం మార్చబోయి ఫోనే పోగొట్టుకున్నట్టవుతుంది. బిగించేటప్పుడు కావలసిన తెలివి విప్పేటప్పుడే సమకూర్చుకోవాలి. పగిలిన టచ్ స్క్రీను మార్చే పనితనమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

తుమ్మలపెంట నుంచి కిందికి పులికాటు దాకా ఈ తీరంలో ఫోను తీరికవేళ కాలక్షేపం కాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడిమి, రంగుల వివరాలు చూసి చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశముందో చెబుతుంది. ఆ కబురు వేటకు వెళ్లేవాళ్లకు ఫోనులోనే అందుతుంది. రొయ్యల చెరువు గట్టుమీద రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, తెల్లారేలోగా నీళ్లలో ప్రాణవాయువు తగ్గి పంట మొత్తం పోవచ్చు. ఆ సంగతి రైతుకు చెప్పేదీ ఫోనే. అలాంటి ఫోను పడవ చెక్కమీదో గట్టు సిమెంటుమీదో మూల తగిలి పడితే, మళ్లీ కొనే దాకా ఆగే వీలుండదు. అందుకే ఈ మరమ్మతు తెలిసిన చెయ్యికి ఇక్కడ అంత గౌరవం.

పనివాడు ముందు పగులును చదువుతాడు. పగుళ్లన్నీ ఒక చుక్క దగ్గర నుంచి సాలెగూడులా విచ్చుకుని ఉంటే దెబ్బ తగిలింది అక్కడే. చాలాసార్లు ఆ చుక్క మూలనో అంచునో ఉంటుంది. అద్దం విరిగినా కింద బొమ్మ చక్కగా కనబడుతూ, వేలికి పలుకుతూ ఉంటే నష్టం పైఅద్దం వరకే. బొమ్మ బాగానే ఉండి ఒక పట్టీ మేర వేలికి పలక్కపోతే టచ్ పొర తెగింది. సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతుంటే, నిలువు చారలు పడితే, లోపలి డిస్‌ప్లే కూడా పోయింది. మూడూ బయటికి ఒకేలాంటి పగులే. మందు మాత్రం వేరు. విప్పకముందే ఈ తేడా పట్టుకోవడం సగం వైద్యం.

ఆ అద్దం సంగతి కూడా చెప్పుకోవాలి. అద్దానికి తల్లి ఇసుక. మన చిల్లకూరు, కోట, వాకాడు మండలాల్లో తెల్లగా మెరిసే సిలికా ఇసుక లారీలకు ఎక్కి గాజు కర్మాగారాలకు పోతుంది. ఫోను మీది గాజు ఎక్కడ తయారైనా దాని మూలం అలాంటి ఇసుకే. మామూలు కిటికీ అద్దానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఒక స్నానంలో ఉంది. దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో గాజుపలకను ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చేస్తాయి, వాటి చోట్లలోకి పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ముగ్గురు కూర్చునే బెంచీలో ముగ్గురు లావుపాటివాళ్లు సర్దుకున్నట్టు పైపొర అంతా బిగిసిపోతుంది. ఆ బిగువే గీతల్ని, చిన్న దెబ్బల్ని తట్టుకుంటుంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోనుతో కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాసు ఈ పద్ధతికి లోకమంతా పేరు తెచ్చింది. అయితే దెబ్బ ఆ బిగువు పొరను దాటి లోపలికి దిగిందా, పగులు ఇక ఆగదు.

ఆ అద్దం కింద ఉంది అసలు విద్య. కంటికి కనబడనంత పలచగా, విద్యుత్తును మోసే పారదర్శకమైన పూత ఒకటి అడ్డంగా నిలువుగా గళ్లు గళ్లుగా పరిచి ఉంటుంది. వలకన్నుల్లాగే అనుకోండి. చాలా ఫోన్లలో ఆ పూత ఇండియం, తగరం ఆక్సైడ్ల కలయిక. వేలు దగ్గరికి రాగానే ఆ గడి దగ్గర విద్యుదావేశం కొంచెం మారుతుంది. ఏ గడిలో మారిందో ఒక చిన్న చిప్పు సెకనుకు ఎన్నోసార్లు వెతికి పట్టుకుంటుంది. వేలితో తాకి యంత్రాన్ని నడిపించే ఈ ఆలోచనను ఇంగ్లండులోని మాల్వర్న్ రాడారు పరిశోధనాలయంలో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లోనే ప్రచురించాడు. ఉప్పునీరు విద్యుత్తును బాగా మోస్తుంది. అందుకే వల లాగిన తడిచేత్తో ఫోను ముట్టుకుంటే, వేలెక్కడో నీటిబొట్టెక్కడో తేల్చుకోలేక అది తికమకపడుతుంది.

ఒకప్పుడు ఈ టచ్ పొర వేరు, కింది డిస్‌ప్లే వేరు. టచ్ పోతే టచ్ ఒక్కటే మార్చేవాళ్లు. మధ్యలో గాలి ఉంటే వెలుగు చెదురుతుందని ఇప్పుడు అద్దాన్నీ టచ్‌నూ డిస్‌ప్లేనూ పారదర్శకమైన జిగురుతో ఒక్కటిగా అతికేస్తున్నారు. కొట్టు భాషలో దాన్ని కాంబో అంటారు. ఇంట్లో మార్చుకోగలిగింది ఈ కాంబోనే. పైఅద్దం ఒక్కదాన్నే తీసి కొత్తది వేయాలంటే వేడిపలక, వెంట్రుకకన్నా పెద్దగా లావుండని తీగ, గాలిబుడగలు తీసే యంత్రం కావాలి. వేడిపలక మీద ఫోనును పట్టి ఉంచి, ఆ తీగను అద్దానికీ డిస్‌ప్లేకీ మధ్య రంపంలా అటూ ఇటూ లాగుతూ జిగురును కోస్తాడు పనివాడు. తీగ ఒక పిసరు కిందికి దిగితే డిస్‌ప్లే పోయినట్టే. ఆ పని చూసి దణ్ణం పెట్టాలి. ఇంట్లో తలపెట్టకూడదు.

ఇక విప్పడం. ముందు పగిలిన అద్దం మీద వెడల్పాటి టేపు అతికించాలి, గాజుపెంకులు రాలకుండా. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఛార్జింగు పావువంతు కిందికి దిగేదాకా ఆగి, ఫోను ఆపెయ్యాలి. ఫ్యాను కట్టెయ్యాలి, గాలికి స్క్రూలు దొర్లిపోతాయి, దుమ్ము లోపల పడుతుంది. వెనక మూత అంచుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. చెయ్యి పెట్టి రెండు క్షణాలకు తీసెయ్యాలనిపించేంత వేడి చాలు. అప్పుడు పలచటి ప్లాస్టిక్ పిక్ గానీ పాత ఏటీఎం కార్డు ముక్క గానీ సందులోకి దూర్చి, అంచు వెంబడి నడిపించాలి. బలం పెట్టకూడదు. బిగిసిందంటే ఇంకా వేడి కావాలని అర్థం.

నేను మొదటిసారి ఇక్కడే తప్పు చేశాను. మూత ఒకవైపు లేవగానే సంతోషం పట్టలేక పైకెత్తేశాను. వేలిముద్ర తీసుకునే బిళ్ల మూతకు అంటుకుని ఉంది, దాని రిబ్బను, అంటే పలచటి పట్టీలాంటి తీగ, బోర్డుకు తగులుకుని ఉంది. టప్పుమని చిన్న చప్పుడు. రిబ్బను తెగింది. కొత్త రిబ్బను కోసం కొట్టుకెళితే ఆ కుర్రాడు నవ్వలేదు. మూతను పుస్తకం తెరిచినట్టు ఒకవైపుకు తిప్పి చూపించి, "అన్నా, ఏదైనా సరే సగమే తెరువు. లోపల దేనికి ఏది కట్టుందో చూసినాకే మిగతా సగం" అన్నాడు. నేను విన్న పాఠాల్లో ఇంత పొట్టిది, ఇంత గట్టిది మరొకటి లేదు.

మూత వచ్చాక మొదట తియ్యాల్సింది బ్యాటరీ కనెక్టరు. కరెంటు పని చేసేవాడు ముందు మెయిన్ ఆపినట్టే ఇదీ. ప్లాస్టిక్ పుల్లతో మాత్రమే లేపాలి. ఇనుపముక్క బ్యాటరీని గుచ్చితే నిప్పు అంటుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంట్లో పని అక్కడితో ఆపి తెలిసినవాళ్ల చేతికివ్వాలి. ఆ తర్వాతే స్క్రూలు, కాగితం, ఒక్కొక్క రిబ్బనూ.

తడకు దగ్గరలోని శ్రీసిటీలో 2015లో షియోమీ ఫోన్ల తయారీ మొదలైంది. అలాంటి కర్మాగారంలో ప్రతి ముక్కకూ ఒక అచ్చు, ఒక కొలత, ఒక వరస ఉంటాయి. దారి ముందుకే. మరమ్మతు చేసేవాడు ఆ దారిలో వెనక్కి నడవాలి, అదీ నక్షా లేకుండా. బిగించినవాళ్ల చేతుల్ని ఊహించుకుంటూ, వాళ్లు చివర పెట్టినదాన్ని తను ముందు తీస్తూ పోవాలి.

ముందువైపు అంచుల్నీ అలాగే వేడి చేసి లేపితే పాత కాంబో ఫ్రేము నుంచి ఊడి వస్తుంది. అది వచ్చాక తొందరపడేవాళ్లు కొత్తది అతికించేస్తారు. నేర్పరి అక్కడే అరగంట కూర్చుంటాడు. ఫ్రేము గాడిలో మిగిలిన నల్లటి జిగురును, ఇసుక రేణువుల్లాంటి గాజుపొడిని ఒక్కొక్క పిసరే గీకి తీస్తాడు. ఒక్క రేణువు మిగిలినా కొత్త అద్దం అక్కడ ఎత్తుగా కూర్చుంటుంది. మళ్లీ పడేదాకా అక్కర్లేదు, జేబులో నొక్కుకున్నా పగులు అక్కడే మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజుల్లో మన తీరపు పల్లెల్లో వలలు బాగుచేసేవాళ్ల దగ్గర కూర్చుని చూడండి. చిరిగినచోట వెంటనే అల్లరు. పీలికలైన కన్నుల్ని ముందు కత్తిరించి, చిరుగును ఇంకా పెద్దది చేస్తారు. గట్టి కన్ను దొరికాక దాని నుంచి అల్లిక మొదలవుతుంది. గాడి శుభ్రం చేసే పనికీ దీనికీ తేడా లేదు. కొత్తది నిలబడాలంటే పాతదాన్ని పూర్తిగా సాగనంపాలి.

ఇక్కడ ఉప్పుగాలి మరో పని పెడుతుంది. కనెక్టర్ల రాగి మీద పచ్చటి చిలుము. భూతద్దంలో చూస్తే గింజకట్టిన నాచులా ఉంటుంది. మెత్తటి బ్రష్షును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, ఒకే వైపుకు మెల్లగా తుడవాలి. ఆల్కహాలు వెంటనే ఆరిపోతుంది, నీళ్లు అంత త్వరగా ఆరవు. దూరప్రాంతాల వాళ్లు చూపించే పద్ధతుల్లో చాలాసార్లు ఈ మెట్టు ఉండదు. సముద్రం పక్కన ఉన్న చేతికి మాత్రం ఇది లేకుండా పని పూర్తికాదు.

జిగురు పెట్టకముందే కొత్త కాంబోను ఊరికే తగిలించి, బ్యాటరీ కలిపి ఫోను వెలిగించాలి. ఒక యాప్ గుర్తును వేలికింద పట్టుకుని తెర అంతా దుక్కి దున్నినట్టు వరసగా లాగాలి. ఎక్కడా చేజారకపోతే టచ్ బాగున్నట్టు. మళ్లీ ఆపి, బ్యాటరీ విడదీసి, పాత అద్దం మీది చెవి దగ్గరి జాలీని, ముఖం దగ్గరికి రాగానే తెర ఆర్పే సెన్సారు చుట్టూ ఉండే రబ్బరును కొత్తదానికి మార్చాలి. ఆ రబ్బరు మరిస్తే మాట్లాడుతున్నప్పుడు తెర తిక్కతిక్కగా ఆరిపోతుంది. అప్పుడు గాడిలో దారమంత సన్నగా జిగురు. ఎక్కువైతే లోపలికి పాకి తెరమీద మచ్చగా మిగులుతుంది. చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలెయ్యాలి. విప్పిన ఫోను నీళ్లను మునుపటిలా తట్టుకోదు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. కొన్న వస్తువును విప్పి చూసుకోవడం, బాగుచేసుకోవడం మన హక్కన్న ఆలోచనకు అది ఒక గుర్తింపు. హక్కు కాగితం మీద వస్తుంది, నేర్పు మాత్రం చేతిలోకి రావాలి. ఆ నేర్పు వచ్చేది సగమే తెరిచి ఆగడం నేర్చుకున్నాక.

మర్నాడు పొద్దున నా ఫోనుకు వేసిన రబ్బరు బ్యాండ్లు తీసి వెనక మూత కూడా మూశాను. తెల్లకాగితం మీద స్క్రూలు లేవు. టేపు మీద పదమూడు చుక్కల అచ్చులు మాత్రం ఉన్నాయి. ఆ కాగితం పారెయ్యలేదు. ఏది పొడవో, రిబ్బను ఏ వైపుందో పక్కన రాసి, ఫోను పెట్టెలో మడిచి పెట్టాను. కొట్టులో ఆ కుర్రాడి గూట్లోనూ ఇలాంటివే ఒక కట్ట ఉన్నాయి. ప్రతిదానిమీద ఒక ఫోను పేరు, కొన్ని చుక్కలు, ఎక్కడో ఒకచోట ఎర్రసిరాతో "ఇక్కడ ఆగాలి" అని.