సబ్జెక్టు టీచర్ల రాజ్యం: 1950ల అమెరికన్ హైస్కూలు

అమెరికన్ హైస్కూల్లో గది టీచరుది. గంట కొట్టగానే పిల్లలే పుస్తకాలు పట్టుకుని రేఖాగణితం గది నుంచి ఇంగ్లీషు గదికి, అక్కడి నుంచి ప్రయోగశాలకు నడుస్తారు. టీచరు ఉన్నచోటే ఉంటారు. ఈ బడికి తరగతి కన్నా సబ్జెక్టే పునాది. ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లందరూ ఒక విభాగం, వారికొక విభాగాధిపతి. తాము పాఠాలు చెబుతూనే పుస్తకాలు ఎంచడం, కొత్తగా చేరినవారి క్లాసులో వెనక కూర్చుని వినడం, ఎవరికి ఏ సెక్షనో తేల్చడం కూడా విభాగాధిపతుల పనే. ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలంలో, పట్టణాల పెద్ద బడుల్లో, ఈ ఏర్పాటు నిండుగా కనిపిస్తుంది.

దీని వేళ్లు మరో అరవై ఏళ్ల వెనక ఉన్నాయి. 1892లో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వాన ఏర్పడిన పదిమంది కమిటీ హైస్కూలు చదువును సబ్జెక్టుల వారీగా విడదీసి చర్చించింది. 1906 నుంచి కార్నెగీ యూనిట్ అనే కొలమానం వాడుకలోకి వచ్చింది. ఒక సబ్జెక్టును ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. చదువును గంటల్లో కొలవడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఒక ఊరి బడిలో చదివిన బీజగణితాన్ని మరో రాష్ట్రపు కాలేజీ గుర్తించడానికి ఆ లెక్కే ఆధారమైంది. ఈలోగా బడికి వచ్చేవారూ పెరిగారు. 1910లో హైస్కూలు ఈడు పిల్లల్లో పదోవంతు కూడా హైస్కూలు పూర్తి చేసేవారు కారు. 1940 నాటికి దాదాపు సగం మంది పూర్తి చేస్తున్నారు. అందరినీ చేర్చుకునే బడిలో చదువు పలచబడకుండా చూసే బరువు విభాగాల మీద పడింది.

అన్నిటిలోకీ పెద్దది ఇంగ్లీషు విభాగం. నాలుగేళ్లూ అందరూ చదవాల్సిన సబ్జెక్టు అదొక్కటే అన్నా తప్పులేదు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’, జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’ చదవకుండా బయటపడిన విద్యార్థులు తక్కువ. వ్యాకరణం నేర్పడానికి బ్రూక్లిన్ ఉపాధ్యాయులు అలోంజో రీడ్, బ్రైనర్డ్ కెల్లాగ్ 1877లో ప్రచురించిన వాక్యచిత్ర పద్ధతి 1950ల్లోనూ నడుస్తూనే ఉండేది. బోర్డు మీద అడ్డగీత గీసి, దాన్ని నిలువుగా కోసి, ఎడమ పక్క కర్తనూ కుడిపక్క క్రియనూ రాసేవారు. విశేషణాలు వాలుగీతల మీద కింద వేలాడేవి. పొడవాటి వాక్యంలో ఏ మాట దేనికి చెందుతుందో కంటికి కనిపించేలా చేయడమే దీని ఒడుపు. అయితే వాక్యాన్ని విప్పగలిగినవారందరూ మంచి వాక్యం రాయగలరన్న హామీ లేదు. దానికి రాయించాలి, రాసినవి దిద్దాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కానంట్ దేశంలోని బడులు తిరిగి 1959లో ప్రచురించిన నివేదికలో, ఇంగ్లీషు సమయంలో సగం రచనకే ఇవ్వాలనీ, విద్యార్థి వారానికో వ్యాసం చొప్పున రాయాలనీ, ఒక్కో ఇంగ్లీషు టీచరు కింద వందమందికి మించి ఉండకూడదనీ సూచించాడు. రోజుకు ఐదు క్లాసులు, క్లాసుకు ముప్పైమంది అనుకుంటే నూట యాభై వ్యాసాలు. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా దిద్దుబాటుకే వారానికి 25 గంటలు. ఎర్ర పెన్సిలు పట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చోవడం ఈ టీచర్ల ఉద్యోగంలో లెక్కకురాని సగం.

గణితంలో వరుస దాదాపు ఖాయం: తొమ్మిదిలో బీజగణితం, పదిలో రేఖాగణితం. సైన్సులోనూ అంతే: పదిలో జీవశాస్త్రం, తర్వాత రసాయనం, చివరి ఏడు భౌతికం. ఈ గట్టి వరుసలోని పాఠ్యాంశాలను 1950ల చివర కొత్త బృందాలు కుదిపాయి. ఎమ్‌ఐటీ ఆచార్యుడు జెరాల్డ్ జకరియాస్ 1956లో మొదలుపెట్టిన భౌతికశాస్త్ర బృందం సూత్రాల వల్లెవేతను పక్కనబెట్టి, నీటితొట్టిలో అలలు పుట్టించి వాటి నడక గమనించడం వంటి చవక ప్రయోగాలను క్లాసులోకి తెచ్చింది. 1957 అక్టోబర్ 4న సోవియట్ స్పుత్నిక్ ఎగరడంతో డబ్బుకు దారి తెరుచుకుంది. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం సైన్సు, గణితం, విదేశీ భాషలకు నిధులిచ్చింది. అలాంటిదే మరో జీవశాస్త్ర బృందం 1960ల మొదట్లో తెచ్చిన పుస్తకాలు, చాలా పాఠ్యగ్రంథాలు దశాబ్దాలుగా గొణిగి వదిలేసిన పరిణామవాదాన్ని బాహాటంగా చెప్పాయి. జకరియాస్ బృందం రాసిన భౌతికశాస్త్ర పుస్తకం 1960లలో భారతీయ సైన్సు టీచర్ల వేసవి శిక్షణ తరగతుల దాకా వచ్చింది.

భాషా విభాగంలో లాటిన్‌ది తగ్గుతున్న వైభవం. రెండో ఏడు సీజర్, నాలుగో ఏడు వర్జిల్ అనే పాత క్రమం కొన్ని బడుల్లోనే మిగిలింది. రక్షణ విద్యా చట్టం తెచ్చిన కొత్త డబ్బు హెడ్‌ఫోన్లు, టేప్ రికార్డర్లతో లాంగ్వేజ్ ల్యాబులుగా మారింది. విని పలకడాన్ని ముందుకు తెచ్చే ఆ పద్ధతికి రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు భాషలు నేర్పిన అనుభవం ఆధారం. సాంఘిక శాస్త్రం సంగతి వేరు: ఫుట్‌బాల్ కోచ్‌కు చరిత్ర పీరియడ్ అప్పగించే అలవాటు మీద అమెరికాలో జోకులకు కొదవలేదు. చిన్న ఊళ్లలోనైతే ఒకే టీచరు గణితం, సైన్సు రెండూ చెప్పి సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడించేవారు. ఏటా వందమందైనా పట్టా పుచ్చుకోని బడులను కలిపేయాలని కానంట్ అన్నది అందుకే.

1917 స్మిత్–హ్యూస్ చట్టం నిధులతో బలపడిన వ్యవసాయ, వృత్తివిద్య, గృహవిజ్ఞాన విభాగాలు అదే కప్పు కింద ఉండేవి. అబ్బాయిలు వడ్రంగపు షాపుకీ, అమ్మాయిలు వంటా కుట్టుపనికీ వెళ్లడం నాటి ఆనవాయితీ. కాలేజీకి వెళ్లేవారి విభాగాలకున్న మర్యాద వీటికి దక్కలేదన్నది నిజం.

టీచర్ల జీవితం కూడా ఆ దశాబ్దాల్లోనే మారింది. పెళ్లయిన స్త్రీలకు ఉద్యోగం ఇవ్వని ఆంక్షలు చాలాచోట్ల రెండో ప్రపంచ యుద్ధకాలపు కొరతతో కూలిపోయాయి. 1921లో డెన్వర్, డి మొయిన్‌లలో మొదలైన ఏక వేతన పద్ధతి, చదువూ అనుభవమూ చూసి ఆడా మగా తేడా లేకుండా జీతమివ్వడం, 1950 నాటికి దాదాపు దేశమంతా పాకింది. దక్షిణాదిన నల్లజాతి టీచర్లు తెల్లవారితో సమాన జీతపు హక్కును కోర్టుల్లో గెలవాల్సి వచ్చింది. నార్‌ఫోక్ టీచరు మెల్విన్ ఆల్స్టన్ పేరున 1940లో వచ్చిన తీర్పు వాటిలో ముఖ్యమైనది.

వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల కోసం నడిచిన డన్‌బార్ హైస్కూలు విభాగాల బలానికి మంచి ఉదాహరణ. 1921లో డాక్టరేట్ పొందిన తొలి ముగ్గురు నల్లజాతి మహిళల్లో ఈవా డైక్స్, జార్జియానా సింప్సన్ ఇద్దరూ ఆ బడిలో పాఠాలు చెప్పినవారే. విశ్వవిద్యాలయాలు నల్లజాతివారికి బోధన ఉద్యోగాల తలుపు మూసినందువల్ల అంతటి పండితులు హైస్కూలుకు దొరికారు. 1954లో సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజనను కొట్టేశాక డన్‌బార్ నగరమంతటి పిల్లలను చేర్చుకునే బడిగా కాక చుట్టుపక్కల వీధుల బడిగా మారింది. దక్షిణాదిన బడులు కలిపినప్పుడు మూతపడ్డవి ఎక్కువగా నల్లజాతి పిల్లల బడులే. వాటిలోని టీచర్లు, ప్రిన్సిపాళ్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు కోల్పోయారు.