గుమ్మం మీది నంబరు, అంచున రాసిన మాట

మా తాతయ్య రేకుపెట్టెలో దొరికిన పోస్టుకార్డు మీద తారీఖు చెదిరిపోయింది. పోస్టాఫీసు ముద్ర సగమే పడింది. చిరునామా మాత్రం నిన్న రాసినట్టుంది. తాతయ్య పేరు, కింద కేరాఫ్ అని ఇంటి యజమాని పేరు, 1-8-తో మొదలై చివర ‘బై 2’ ఉన్న నంబరు, చిక్కడపల్లి, హైదరాబాద్-20, ఆంధ్రప్రదేశ్. లోపల ఉన్నవి నాలుగు ముక్కలు: బియ్యం పంపాం, అమ్మాయికి జ్వరం తగ్గింది, వీలు చూసుకుని రాగలరు. మొదట ఈ నాలుగు ముక్కలే పదిసార్లు చదివాను. చదవాల్సింది చిరునామా అని తర్వాత తెలిసింది.

‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంది కాబట్టి కార్డు 1956 నవంబరు 1 తర్వాతిది. అంతకుముందైతే ‘హైదరాబాద్ దక్కన్’ అని రాసేవాళ్లు. 1950 దాకా నిజాం సర్కారు స్టాంపులే ఉండేవి. ఆరంకెల పిన్‌కోడ్ లేదు, ఒట్టి 20 ఉంది. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆ తర్వాతా పాత అలవాటు మానని వాళ్లున్నారు కాబట్టి ఈ రెండో హద్దు కాస్త వదులే. అయినా తారీఖు లేని కార్డుకు పదహారేళ్ల గడి దొరికింది.

ఇక ఇంటి నంబరు. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. చిక్కడపల్లి వైపు 1-8, నారాయణగూడ వైపు 3-5 ఎక్కువగా కనిపిస్తాయి. బై తర్వాత వచ్చే అంకెలోనే కుటుంబాల కథ ఉంటుంది. పెద్ద ఇల్లు అన్నదమ్ములు పంచుకుంటే బై 1, బై 2 అవుతుంది. అందులో ఇంకో ముక్క విడిపోతే వెనక ఒక ‘ఏ’ చేరుతుంది. బైలు పెరిగిన నంబరు చూస్తే ఆ జాగా ఎన్ని చేతులు మారిందో, ఎన్ని ముక్కలైందో ఊహకు అందుతుంది. కేరాఫ్ ఉందంటే మావాళ్లు అక్కడ అద్దెకున్నారని. పోర్షన్లో ఉన్నారన్నమాట.

ఆ నంబరు పట్టుకుని చిక్కడపల్లిలో గానసభ సందులన్నీ తిరిగాను. ఇల్లు లేదు, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. కానీ గేటు పక్క గోడ మీద అదే నంబరు, చివర ఫ్లాట్ల అంకెలు. మనుషులు పోయారు, గోడలు పోయాయి, నంబరు నిలబడింది. ఎదురుగా ఇస్త్రీ బండి పెద్దాయనను అడిగితే, “బావి ఉన్న ఇల్లా బాబూ? వెనక రెండు పోర్షన్లు ఉండేవి” అన్నాడు. వంశవృక్షం కోసం ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇదే: నంబరు రాసుకుని నడవండి.

ఇంతగా చిరునామా వెంట పడటానికి కారణం ఉంది. మన పేర్లను నమ్ముకుంటే దారి తప్పుతాం. తాత పేరు మనవడికి పెడతాం. ఇంటిపేరు ఒక అక్షరమై పొట్టిదైపోతుంది. ఊరికి నలుగురు నరసింహారావులు, నలుగురికీ తండ్రి వెంకయ్యే. ఎవరు మనవాళ్లు? ఫలానా వీధి, ఫలానా సర్వే నంబరు, ఫలానా గోత్రం అన్నప్పుడే మనిషి విడిగా తేలతాడు.

ఐర్లండ్ వాళ్లదీ ఇదే బాధ. ఒక జిల్లాలో ఒకే పేరువాళ్లు వందల మంది ఉంటే, వాళ్లు ‘టౌన్‌ల్యాండ్’ అనే చిన్న పల్లె హద్దును పట్టుకుంటారు. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడి 19వ శతాబ్దపు తొలి జనగణనలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఎవరి జాగా ఎవరి కింద ఉందో చెప్పే 1847-64 నాటి గ్రిఫిత్ పన్ను మదింపు, ఏ చర్చిలో ఉన్నవి ఆ చర్చిలోనే ఉండిపోయిన కతోలిక రిజిస్టర్లు వాళ్లను ఆదుకున్నాయి. ఆ రిజిస్టర్ల చిత్రాలను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో అందరికీ ఉచితంగా తెరిచింది. రాజధానిలో పోయింది పల్లె గుడిలో దొరికింది.

మనకూ అలాంటి రిజిస్టర్లున్నాయి. 19వ శతాబ్ది మధ్యలో హైదరాబాద్ కతోలికులకు బిషప్‌గా ఉన్న డేనియల్ మర్ఫీ ఐర్లండ్‌లోని కార్క్ జిల్లా మనిషే. నారాయణగూడలో ఉండే నా స్నేహితుడి కుటుంబం గుంటూరు వైపు నుంచి వచ్చిన కతోలికులు. వాళ్ల ముత్తాత స్కూలు కాగితంలో పీటర్. ఇంట్లో అందరూ రాయప్ప అనేవారు. సొంతూరి విచారణలో (పారిష్‌లో) పాత జ్ఞానస్నాన రిజిస్టరు తీయిస్తే లాటిన్‌లో ‘పెత్రుస్’ అని ఉంది. ముగ్గురూ ఒకరే. పౌలు చిన్నప్ప అవుతాడు, జేవియర్ శౌరయ్య అవుతాడు, ఇగ్నేషియస్ ఇన్నయ్య అవుతాడు. ఈ లెక్క తెలియకపోతే రిజిస్టరు ముందు కూర్చున్నా మన మనిషిని మనం గుర్తుపట్టలేం.

నా స్నేహితుడు ఫోనులో చూపించిన పుటలో నన్ను కట్టిపడేసింది అంచు. 1908 నుంచి కతోలిక చర్చిలో పెళ్లయితే ఆ సంగతిని జ్ఞానస్నానం నమోదైన చోట పక్కన రాయాలని నియమం. రాయప్ప పేరు పక్కన పల్చటి సిరాతో ఇంకో ఊరి పేరు, పెళ్లికూతురి పేరు ఉన్నాయి. వెతకాల్సిన తర్వాతి విచారణ చిరునామా ఆ అంచులోనే ఉంది. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లూ వదలకూడదు. తరచుగా వాళ్లు మేనమామలో, పెద్దమ్మలో అయి ఉంటారు.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మాలాంటి వాళ్లకు రిజిస్టరంటే భూమి లెక్కల పహాణీ. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరో, కాస్తులో ఎవరున్నారో తెలుస్తుంది. ఇంకా వెనక్కి పోతే ఉర్దూ రాత, నిజాం కాలపు ఫసలీ సంవత్సరాలు. తాతయ్య పుట్టిన తేదీ ‘మెహర్ 1340’ అని చూసి చాలా రోజులు తికమకపడ్డాను. అప్పటి హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. క్రీస్తు శకం రావాలంటే ఆజూర్, దై, బహమన్ నెలలకు 590, మిగతా తొమ్మిదింటికి 591 కలపాలి. మెహర్ అంటే దాదాపు ఆగస్టు. తాతయ్య 1931లో పుట్టాడు. నెల చూసుకోకుండా 590 ఒక్కటే కలిపి మేం ఒక ఏడాది ముందే షష్టిపూర్తి చేశాం.

కాగితం లేని వాళ్ల సంగతేమిటి? భూమి లేని వాళ్లు పహాణీలో ఉండరు. వాళ్ల వంశాలను నాలుక మీద మోసినవాళ్లు వేరే ఉన్నారు. మాదిగల గోత్రాలు డక్కలివాళ్లు చెబుతారు, పద్మశాలీలవి సాధనాశూరులు, రెడ్లవి పిచ్చకుంట్లవారు. వాళ్లకు ఇచ్చే త్యాగం, కట్నం బిచ్చం కాదు, రికార్డు నిలిపినందుకు ఇచ్చే హక్కు. ఆ గొంతులు తగ్గిపోతున్నాయి. ఒక పెద్దాయన చెప్పే గంటసేపటి పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి పెట్టడం కంటే అవసరమైన పని నాకు కనబడటం లేదు.

ఆడవాళ్ల పేర్లు అన్నిటికంటే కష్టం. పట్టాలో ఉండవు, ఇంటి నంబరు దగ్గర ఉండవు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు నప్త, పౌత్ర, పుత్ర అంటూ మూడు తరాల మగవాళ్లే వినిపిస్తారు. కానీ తద్దినంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు కూడా ఉంటారు. నిరుడు మహాలయ పక్షంలో పురోహితుడు అడిగితే మా మామయ్య తల్లి వైపు వరసలో మాతామహి (తన అమ్మమ్మ) దాకా చెప్పి ఆగిపోయాడు. గోడ అల్మారాలోంచి మా అమ్మమ్మ, అంటే మామయ్య తల్లి, పాత లెక్కల పుస్తకం తీశాం. చాకలి పద్దుల వెనక పేజీలో అమ్మమ్మ చేతిరాతతో ఆమె నాయనమ్మ పేరు, కింద ‘పెద్దబావి పక్క ఇల్లు’ అని ఉంది. మామయ్య ఆ పేరు పైకి చదివి నువ్వులూ నీళ్లూ వదిలాడు.