పెనుభూకంపములు – మన పాఠములు

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున పుట్టిన భూకంపము వరంగల్లు, ఖమ్మము జిల్లాలను దాటి హైదరాబాదు వరకు తెలిసినది. అట్టి దినమున వరంగల్లు జిల్లా నెక్కొండలోని పాఠకుడు వార్తకై వెదకుట సహజము. వార్త అతనికిచ్చునది సాధారణముగా ఒకే వాక్యము: రిక్టరు స్కేలుపై తీవ్రత ఇంత. ఇరువది ఏండ్ల క్రిందట, 2004 డిసెంబరు 26న, సుమత్రా వద్ద మహాభూకంపము వచ్చినపుడును ఇదే వాక్యము. అంకె మాత్రము వేరు. అక్కడ 9.1, ఇక్కడ 5.3. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన చూచి, మొదటిది రెండవదానికి రెండింతలైనను లేదు గదా యని పాఠకుడనుకొన్నచో తప్పు అతనిది కాదు. ఆ వాక్యము వ్రాసిన వారిది.

ఆ వాక్యమున మొదట చెడినది ‘తీవ్రత’ అను మాట. డప్పును ఎంత బలముగా కొట్టిరన్నది ఒకటి. ఏ వీధిలో ఎంత వినబడెనన్నది వేరొకటి. భూకంపశాస్త్రములో తీవ్రత యనగా రెండవది. అది ఊరూరికి మారును. ములుగులో ఒకటి, నెక్కొండలో ఒకటి, హైదరాబాదులో ఇంకొకటి. 5.3 అన్నది తీవ్రత కాదు, పరిమాణము. అది భూకంపమంతటికిని ఒక్కటే. ఇక రిక్టరు 1935లో కాలిఫోర్నియాలోని భూకంపములకై కట్టిన కొలత పెనుభూకంపముల దగ్గర పనికిరాదు. ఎంత పెద్దది వచ్చినను ఆ కొలత ఒక హద్దు దగ్గర ఆగిపోవును. అందుచేతనే 1979లో హాంక్స్, కనమోరి అను శాస్త్రజ్ఞులు వేరొక కొలతను ప్రతిపాదించిరి. పగిలిన భ్రంశతలము వైశాల్యమెంత, దాని ఇరుప్రక్కల శిల ఎంత జరిగినది, ఆ శిల ఎంత బిగువైనది – ఈ మూటినుండి అది లెక్కకు వచ్చును. నేడు ప్రపంచమంతట పెద్ద భూకంపములకు వాడునది అదియే. అయినను మన వార్తలలో రిక్టరు పేరు పోలేదు.

ఈ కొలతలో ఒక్క మెట్టు ఎక్కినచో శక్తి సుమారు 32 రెట్లగును. కొందరు పది రెట్లని వ్రాయుదురు. పది రెట్లు పెరుగునది యంత్రము గీసిన రేఖ ఊపు, శక్తి కాదు. ఈ లెక్కన 5.3కును 9.1కును మధ్య శక్తిలో తేడా సుమారు ఐదు లక్షల రెట్లు. ములుగు భూకంపములో పగిలిన భాగము పొడవు కొద్ది కిలోమీటర్లకు మించదు. 2004లో సముద్రగర్భమున పగులు సుమత్రా ఉత్తరపు కొననుండి అండమాను ఉత్తర దీవుల వరకు 1,300 కిలోమీటర్లు సాగినది. నెక్కొండ స్టేషనునుండి నేరుగా గీత గీసినచో అది ఢిల్లీని దాటిపోవును. అంత దూరము చీలుటకు పట్టిన కాలము ఎనిమిది, పది నిమిషములు. నెక్కొండవాసికి దూరము తెలియును గనుక ఈ పోలిక ఒక్కటి ఇచ్చినను అంకెకు ప్రాణము వచ్చెడిది.

బదులుగా మన పుస్తకములు పటముమీద ఒక చుక్క పెట్టుచున్నవి. సుమత్రా దగ్గర చుక్క, దాని చుట్టు వలయములు. ఇది చిన్న భూకంపమునకు సరిపోవును, పెనుభూకంపమునకు సరిపోదు. చుక్క యనునది పగులు మొదలైన చోటు మాత్రమే. ఆంధ్రతీరమునకు ముప్పు వచ్చినది ఆ చుక్కనుండి గాదు. ఉత్తరముగా నికోబారు, అండమానుల వెంట సాగిన పగులునుండి. పొడవైన పగులునుండి అలలు ముఖ్యముగా దానికి అడ్డముగా బయలుదేరును. ఆ పగులుకు అడ్డముగా పడమట ఉన్నది బంగాళాఖాతము, దాని ఆవలి ఒడ్డున మన తీరము.

అక్కడ జరుగునదేమి? భారత ఫలకము తూర్పున చిన్నదైన బర్మా ఫలకము క్రిందికి దూరుచున్నది. రెండును ఒరసికొని జారిపోయినచో పేచీయే లేదు. అవి పట్టుకొనియుండును. క్రిందిది దిగుచు పైదాని అంచును తనతో క్రిందికి లాగుకొనిపోవును. వందల ఏండ్లు అట్లు వంగిన అంచు ఒకనాడు పట్టు విడివడి పైకి లేచును. దానిమీది సముద్రమును లేచును. దాని వెనుకనున్న నేల క్రుంగును. గ్రేటు నికోబారులోని ఇందిరా పాయింటు దీపస్తంభము దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయినది.

దీనిని బోధించుటకు మన పాఠములలో తరచు కనబడు ఉపమానము చెరువులో రాయి. పాఖాల చెరువులో రాయి విసిరినచో పైన ముడుతలు పుట్టును, అడుగున చేపకు తెలియదు. సునామీలో అడుగునుండి ఉపరితలము వరకు నీరంతయు కదలును. నీళ్ళు నిండిన పళ్ళెము ఒక అంచును చటుక్కున ఎత్తినట్లనుట మేలైన పోలిక. అట్టి అల వేగము లోతునుబట్టి ఉండును: 4,000 మీటర్ల లోతులో గంటకు సుమారు 700 కిలోమీటర్లు, 10 మీటర్ల లోతులో సుమారు 36 కిలోమీటర్లు. ముందరి నీరు నెమ్మదించగా వెనుకది వచ్చి పైబడును గనుక ఒడ్డున ఎత్తు పెరుగును. నడిసముద్రములో 2004నాటి అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లేయని ఆ దారిన పోయిన జేసన్-1 ఉపగ్రహము కొలిచినది.

ప్రాణములమీదికి వచ్చు పొరపాటు మరొకటి. సునామీకి ముందు సముద్రము వెనుకకు పోవును, అది చూచి పరుగెత్తవలెనని పాఠములు నేర్పుచున్నవి. వెనుకకు పోయినచో పరుగెత్తవలసినదే. కాని వెనుకకు పోలేదు గనుక ముప్పు లేదనుకొనుటకు వీలులేదు. 2004లో నేల క్రుంగిన తూర్పువైపున, థాయిలాండులో, మొదట సముద్రము తగ్గినది. నేల లేచిన పడమటివైపున, మన తీరమున, మొదట పెరిగినది. తరువాతనే లాగినది, మరల వచ్చినది. తరువాతి అలలు మొదటిదానికంటె పెద్దవి కావచ్చును. ఆనాడు ఆదివారము, పున్నమి. మచిలీపట్టణము దగ్గరి మంగినపూడిలో పున్నమి స్నానమునకు వచ్చినవారును అలల పాలైరి. భూకంపమునకును ఆ అలలకును నడుమ రెండు గంటలకు పైగా వ్యవధి యున్నది, కాని చెప్పువారు లేరు. నెక్కొండవంటి మెట్ట ఊళ్ళకు అల రాదు. సముద్రస్నానమునకు తీరమునకు పోవువారిలో ఆ ఊళ్ళవారును ఉందురు.

సునామీని ‘ఉప్పెన’ యని వ్రాయుటయు మంచిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. దానికి ముందు తుపాను, గాలి, వాన ఉన్నవి. సునామీకి ఆకాశము ఏ గుర్తును చూపదు.

అన్ని తప్పులు పత్రికలవే కావు. చిన్న వయసు గల ఫలకము వేగముగా దూరు చోటనే పెనుభూకంపములు వచ్చునని రఫ్, కనమోరి 1980లో చూపిన సంబంధమును చాలకాలము నమ్మిరి. ఆ లెక్కన అండమాను వంపు అంతటిదానికి తగదు. 2004 ఆ నమ్మకమును కూల్చినది. 2011లో జపాను మరల కూల్చినది. థాయిలాండులోని ఫ్రా థాంగ్ దీవిలో 2004నాటి ఇసుకపొర క్రింద అట్టివే పాతపొరలు బయటపడినవి. వాటిలో చివరిది 550 నుండి 700 ఏండ్లనాటిది; ఇంచుమించుగా మన కాకతీయ, రెడ్డిరాజ్యముల కాలపుది. పెద్ద అంకె ఉన్నంత మాత్రమున పెద్ద అల రాదనుటకును సాక్ష్యమున్నది: 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమట 8.6 పరిమాణముతో భూకంపము వచ్చినది. శిల పైకి లేవక ప్రక్కకు జరిగినది గనుక పెద్ద సునామీ పుట్టలేదు.

ఇప్పుడు చెప్పువారున్నారు. 2007 అక్టోబరునుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రము రాత్రింబగళ్ళు పనిచేయుచున్నది. భూకంపలేఖినులు, ఆటుపోటుల కొలతలు, సముద్రపుటడుగున నీటి ఒత్తిడిని చూచు యంత్రములు దానికి సమాచారమిచ్చును. అది తీరమునకు పంపు మాటలు మూడు తరగతులు: వార్నింగు అన్నచో తీరమువిడిచి లోపలికి పోవలెను, అలర్టు అన్నచో ఒడ్డున ఉండరాదు, వాచ్ అన్నచో తరువాతి కబురుకై కనిపెట్టి యుండవలెను. తెలుగు వార్తలో ఈ మూడును తరచు ‘సునామీ హెచ్చరిక’ అను ఒకే మాటగా దిగుచున్నవి. మొదటిదానికి ఖాళీ చేయుడని, రెండవదానికి ఒడ్డు విడువుడని, మూడవదానికి కనిపెట్టి యుండుడని వ్రాసినచో శీర్షికకు స్థలము చాలకపోదు.