ర్యామ్ తీస్తే ఫొటోలు పోతాయా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే అంతా కంప్యూటర్ దుకాణాలే. జనం నోట అది సీటీసీ. అక్కడి రిపేరు బల్లల దగ్గర కాసేపు నిలబడితే ఒక ప్రశ్న చెవిన పడకుండా ఉండదు. ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని తెచ్చినవాళ్ల కళ్లముందే మెకానిక్ అడుగు మూత విప్పుతాడు, బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తాడు, ర్యామ్‌ను బయటికి లాగి దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దుతాడు.

“అన్నా, అది తీస్తే నా ఫొటోలు పోతయా?”

“పోవక్కా. ఫొటోలు ఉండేది ఇండ్ల కాదు.”

జవాబు సరైనదే. అడిగినామె భయానికీ ఆధారం ఉంది. కాకపోతే ఆ భయం ఉండాల్సిన చోటు వేరు.

ర్యామ్‌లో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఈ ఆలోచన 1966లో ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టింది. 1968లో పేటెంట్ వచ్చింది. అప్పట్లో ఆ సంస్థ తయారుచేస్తున్న మెమరీలో ఒక్క బిట్‌కే ఆరు ట్రాన్సిస్టర్లు పట్టేవి. ఈనాడు వేలెడంత పలకలో 8 జీబీ, అంటే బిట్‌కొకటి చొప్పున దాదాపు 6,900 కోట్ల గదులు ఇమిడాయంటే ఆ పొదుపు చలవే.

అయితే ఈ గదులు కారుతాయి. చిల్లికుండలో నీళ్లెలా నిలవవో వీటిలో ఆవేశమూ అలాగే నిలవదు. అందుకే డీడీఆర్4 ర్యామ్‌లో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి, ఉన్నదాన్ని ఉన్నట్టు మళ్లీ నింపాలి. తర్వాతి తరం డీడీఆర్5కు ఆ గడువు 32 మిల్లీసెకన్లే. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే గడువు ఇంకా సగానికి తగ్గుతుంది. చదివినా గది ఖాళీ అవుతుంది కాబట్టి, చదివిన ప్రతిసారీ తిరిగి రాయాల్సిందే. సెకనుకు పదిహేనుసార్లకు పైగా, ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా సాగే ఈ తోడిపోతను తలచుకుంటే ఆ ఇంజినీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది. మూత మూసి స్లీప్‌లో పెట్టినా ఈ పని ఆగదు. సంచిలో పడుకున్న ల్యాప్‌టాప్ బ్యాటరీని మెల్లగా తాగేది అందుకే. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే సేవ్ చేయని వ్యాసం పోయినట్టే. హైబర్నేట్ దారి వేరు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీదికి దింపాకే అది కరెంటు మానుకుంటుంది.

మరి కరెంటు తీసిన మరుక్షణమే ర్యామ్ అంతా మరచిపోతుందా? చాలామంది అలాగే అనుకునేవారు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అలెక్స్ హాల్డర్‌మన్, ఆయన సహచరులు మెమరీలోకి మోనాలిసా బొమ్మ ఎక్కించి కరెంటు తీసేశారు. 5 సెకన్ల తర్వాత చూస్తే బొమ్మ చెక్కుచెదరలేదు. 30 సెకన్లకు, నిమిషానికి మసకబారుతూ వచ్చింది. 5 నిమిషాలకు దాదాపు చారలే మిగిలాయి. దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి చిప్‌ను మైనస్ 50 డిగ్రీలకు చల్లబరిస్తే, 10 నిమిషాల తర్వాత కూడా చెడిన బిట్లు ఒక శాతం లోపే. ఆపివేసిన ల్యాప్‌టాప్ ర్యామ్ నుంచి, డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కీలను దొంగిలించవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. చలి గుర్తుంచుకుంటుంది, వేడి చెరిపేస్తుంది. ఈ మాట ఇంకాసేపట్లో అవసరపడుతుంది.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ సంగతి చిన్నదే. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పి వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఫొటోలకు దానితో సంబంధం లేదు.

ఈ రోజుల్లో చాలా ల్యాప్‌టాప్‌లలో ఫొటోలు ఉండేది ఎస్ఎస్‌డీ అనే డ్రైవ్‌లో. దానిలోని ఫ్లాష్ మెమరీ తోషిబా ఇంజినీర్ ఫుజియో మసువొకా పుణ్యం. 1984లో ఒక రకాన్ని, 1987లో ఇప్పటి ఎస్ఎస్‌డీలకు మూలమైన నాండ్ రకాన్ని ఆయన బృందం లోకానికి చూపింది. ఇక్కడ ఎలక్ట్రాన్లు చుట్టూ గోడలున్న గదిలో బందీలు. గోడ విద్యుత్తును రానివ్వని ఆక్సైడ్ పొర. ఎక్కువ వోల్టేజీ పెట్టి, ఆ గోడ గుండా వాటిని లోపలికి నెడతారు. ఆ తర్వాత కరెంటు తీసినా అవి అక్కడే ఉంటాయి. కొత్త చిప్‌లలో గది తీరు మారినా సూత్రం ఇదే.

కానీ నెట్టిన ప్రతిసారీ గోడ కొద్దిగా దెబ్బతింటుంది. చవకకోసం ఒకే గదిలో మూడు బిట్లు కుక్కితే ఆవేశంలో 8 మెట్లు, నాలుగు కుక్కితే 16 మెట్లు గుర్తుపట్టాలి. కాసిని ఎలక్ట్రాన్లు జారితే చాలు, ఒక మెట్టు ఇంకో మెట్టులా కనిపిస్తుంది. అలా వచ్చే తప్పులను డ్రైవ్‌లోని కంట్రోలర్ చాలావరకు దిద్దుకుంటుంది. దాని శక్తికీ హద్దుంది.

జెడెక్ అనే ప్రమాణాల సంస్థ దీనికి ఒక గీత గీసింది. ఇళ్లలో వాడే ఎస్ఎస్‌డీ తన రాతల ఆయుష్షంతా ఖర్చయ్యాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలి. 2015లో ఈ లెక్కలనే తప్పుగా చదివి, ఎస్ఎస్‌డీ వారంలో ఖాళీ అవుతుందని వార్తలు రాశారు. అది అరిగిపోయిన డ్రైవ్‌కు పెట్టిన పరీక్ష. తక్కువ వాడిన డ్రైవ్ అంతకంటే చాలాకాలం ఉంటుంది. అలాగని నిశ్చింతగా ఉండాల్సిన పనీ లేదు. వేడి చెరిపేస్తుందని ఇందాక అనుకున్నాం కదా, 30 డిగ్రీలన్న మాట చూడండి. మే నెలలో రెంటచింతలలోనో ఖమ్మంలోనో రేకుల కప్పు కింద అటక మీద 30 డిగ్రీలు ఎక్కడిది? అటకెక్కిన పాత ల్యాప్‌టాప్‌లో బాబు బారసాల ఫొటోలుంటే, సీటీసీలో ఆ అక్క పడ్డ భయం పడాల్సింది అక్కడ.

మరో చిక్కు ఈమధ్య పెరిగింది. డేటా ఉంటుంది, తాళంచెవి ఉండదు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది. బోర్డు కాలిపోయి, డ్రైవ్‌ను ఇంకో యంత్రానికి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకుంటే ఎంత పనిమంతుడైనా చేతులెత్తేయాల్సిందే.

తాటాకు గ్రంథాలను నిలిపిన పద్ధతి తెలుగువాళ్లకు తెలియనిది కాదు. ఆకు పురుగు పట్టేలోపు లేఖకుడు కొత్త ఆకు మీదికి ఎత్తి రాసేవాడు. కడపలో సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను, రాయసగాళ్లను పెట్టుకొని చేయించిందీ ఆ పనే. డెన్నార్డ్ గది 64 మిల్లీసెకన్లకోసారి కోరేది, మసువొకా గది ఏళ్లకోసారి కోరేది కూడా తిరిగి రాయడాన్నే. మొదటిదాన్ని యంత్రం చూసుకుంటుంది. రెండోది మనుషుల చేతిలో ఉంది. ఉత్తినే ఆన్ చేస్తే ప్రతి డ్రైవూ పాత డేటాను మళ్లీ రాసుకుంటుందన్న భరోసా లేదు, కాపీ తీయాల్సిందే.

ఈ ఆదివారం బీరువాలో, అటక మీద ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను దించండి. ఛార్జింగ్ పెట్టి, ఫొటోలను వేరే రెండు చోట్లకు కాపీ చేయండి. ఆ రెండింటిలో ఒకటి మామూలు హార్డ్‌డిస్క్ అయితే మరీ మంచిది. రికవరీ కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు దాచండి.