కిటికీ మూసిన తరువాత

"సారూ, గీ డబ్బాలల్ల ఏం రాసుందో కండ్లకు ఆనుతలేదు. జర మీరే కొట్టుండ్రి" అంటూ ఒక రోగి తన ఫోను నా చేతికిచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఇరవయ్యేళ్ళుగా ఎమిరేట్స్‌లో భవన నిర్మాణపు పనుల్లో ఉన్నాడు, ఇప్పుడు ఫోర్‌మన్. మధుమేహం రెటీనాను దెబ్బతీసింది. కుడి కంటి చూపు 6/24. ఎడమ కంటితో ఎదుట పెట్టిన వేళ్ళు లెక్కపెట్టగలడు, అంతే. ఫోనులో ఉన్నది ఒక ప్రభుత్వ సేవకు దరఖాస్తు. తెల్లని నేల మీద వెలిసిపోయిన బూడిదరంగు అక్షరాలు. యాభై దాటిన నా కళ్ళజోడుతో నేను కూడా ఫోనును దూరం జరిపి, దగ్గరకు లాక్కుని చదవవలసి వచ్చింది. పది నిమిషాల్లో అతని పాస్‌వర్డు, గుర్తింపు కార్డు సంఖ్య, ఓటీపీ అన్నీ నాకు తెలిసిపోయాయి. అతని శరీరం గురించి నాకు తెలియడం వృత్తిధర్మం. ఇవి తెలియడం కాదు.

2021 డిసెంబరులో దుబాయి ప్రభుత్వం తాను పూర్తిగా కాగితరహితమైనట్టు ప్రకటించింది. 45 సంస్థలు, 1,800 డిజిటల్ సేవలు, 10,500కు పైగా ప్రధాన లావాదేవీలు. వీటి వల్ల 130 కోట్ల దిర్హమ్‌లు, 1.4 కోట్ల పనిగంటలు ఆదా అయ్యాయని లెక్క చెప్పారు. ఈ లెక్కను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎర్రటి ఎండలో ఒక ముద్ర కోసం మూడు కార్యాలయాలు తిరిగిన రోజులు ఇక్కడి పాతకాపులందరికీ గుర్తే. కాని కిటికీ వెనక మనిషి ఉన్నప్పుడు, ఎదుటివాడికి చూపు ఆనకపోతే ఆ గుమాస్తా విసుక్కుంటూనైనా చదివి వినిపించేవాడు, వేలు పట్టి సంతకం చేయవలసిన చోటు చూపించేవాడు. ఆ సర్దుబాటుకు ఏ నియమావళీ అక్కరలేదు. కిటికీ మూసేసి ఆ పనిని తెర మీదకు మార్చినప్పుడు సర్దుబాటును కూడా ఎవరో ముందుగా ఊహించి తెరలోనే పొందుపరచాలి. అలా జరగని చోట గంటలు ఆదా కావు, చేతులు మారతాయి. నా క్లినిక్‌లో గడిచిన ఆ పది నిమిషాలు ఏ లెక్కలోకీ రావు.

చట్టాల కొరత ఉన్నదని ఎవరూ అనలేరు. 2006లో 29వ ఫెడరల్ చట్టం వచ్చింది. 2010లో ఈ దేశం వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. అందులోని తొమ్మిదవ అధికరణం భవనాలతో, రవాణాతో పాటు ఇంటర్నెట్టును కూడా పేరుపెట్టి చెబుతుంది. దుబాయి 2014లో ఒకసారి, 2022లో మరొకసారి తన సొంత చట్టాలు చేసుకుంది. 2017లో పేరే మారింది: ఇక మీదట వీరు 'అస్‌హాబ్ అల్ హిమమ్', అంటే గట్టి సంకల్పం గలవారు. మన దగ్గరా ఇదే వరస. ఢిల్లీ 2015 చివరలో 'దివ్యాంగులు' అన్నది. ఆంధ్రప్రదేశ్ శాఖ పేరు 'విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం'. గౌరవం ఇవ్వాలన్న తలంపును శంకించను. నా అభ్యంతరం వ్యాకరణానికి సంబంధించినది. ఈ పేర్లన్నీ విషయాన్ని మనిషిలోనే ఉంచుతాయి, లోపమైనా అతనిదే, దివ్యత్వమైనా అతనిదే, సంకల్పమైనా అతనిదే. కరెంటు బిల్లు కట్టడానికి సంకల్పబలం దేనికి?

మా ఫోర్‌మన్ మాట మళ్ళీ చూడండి. "కండ్లకు ఆనుతలేదు." ఆ వాక్యంలో కర్త అక్షరాలు. నేను చూడలేకపోతున్నానని అతడు అనలేదు. అక్షరాలు కంటిదాకా రావడం లేదన్నాడు. ఒడంబడిక పుటల కొద్దీ వివరించిన భావం తెలుగు క్రియాపదంలో ముందునుంచీ ఉన్నది. పైగా అతడు తనను ఏ పేరుగల వర్గంలోనూ కలుపుకోడు. దుబాయిలో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఇచ్చే సనద్ కార్డుకు వైద్య నివేదిక రాస్తానంటే, "నాకెందుకు సారూ, నేను పని చేస్తున్న గద" అన్నాడు. కార్డు ఉన్నవారికి రాయితీలు దక్కుతాయి, మంచిదే. కాని తెర మీది అక్షరం కార్డు చూసి నల్లబడదు.

ఆ అక్షరం ఎంత నల్లగా ఉండాలో చెప్పే అంకె ఒకటి ఉన్నది: 4.5 : 1. వెబ్ సుగమ్యతకు ప్రపంచమంతా అనుసరించే డబ్ల్యూ.సి.ఎ.జి. మార్గదర్శకాలు 2008 నాటి రెండవ రూపంలో దీన్ని డబుల్ ఎ స్థాయికి కనీస వర్ణభేదంగా నిర్ణయించాయి. ఈ అంకె పుట్టుక తెలుసుకున్నప్పుడు వైద్యుడిగా నాకు ముచ్చట వేసింది. మామూలు చూపుకు 3 : 1 చాలునని అంతకు ముందే ఒక ప్రమాణం ఉండేది. చూపు 6/12కు తగ్గినవారికి కలిగే నష్టాన్ని పూడ్చడానికి దాన్ని ఒకటిన్నరతో హెచ్చించారు. ఎనభయ్యేళ్ళ వృద్ధుల్లో సాధారణంగా కనిపించే చూపు అదని వారి వివరణ. 6/24 చూపుకు 7 : 1 కావాలన్నారు, కాని దాన్ని ట్రిపుల్ ఎ స్థాయిలో పెట్టారు. ప్రభుత్వాలు సాధారణంగా మాట ఇచ్చేది డబుల్ ఎ వరకే. అంటే ప్రమాణాన్ని తుచ తప్పక పాటించిన పుట కూడా మా ఫోర్‌మన్ కుడి కంటిని లెక్కలోకి తీసుకోదు.

ఇంకొక చిక్కు ఉన్నది. చూపు పదును, వర్ణభేదాన్ని పసిగట్టే శక్తి ఒకటి కావు. 1988లో వచ్చిన పెల్లి-రాబ్సన్ చార్టులో అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. మూడేసి అక్షరాలకొకసారి సిరా పలచబడుతూ పోతుంది. మధుమేహంలో, గ్లకోమాలో, తొలిదశ శుక్లంలో గోడమీది మామూలు పట్టికను ఆఖరి వరుస దాకా చదివినవాడు ఈ చార్టులో సగంలోనే ఆగిపోవడం కద్దు. అందుచేత, 'పరీక్షలో చూపు బాగానే ఉంది' అన్న మాట ఫోను తెర ముందు పనికిరాదు. ఇంతకూ ఆ 4.5 అయినా ఎందరు పాటిస్తున్నారు? వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపుటలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 79 శాతం ఈ ఒక్క అంశంలోనే తప్పాయి. రంగు మార్చడం కన్న చవకైన మరమ్మతు మరొకటి ఉండదు.

దానికి బదులు ఎక్కువమంది ఎంచుకున్నది వేరే దారి. పుట అంచున చిన్న మనిషి బొమ్మ ఒకటి తేలుతూ ఉంటుంది. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు తిరగబడతాయి, ఒక గొంతు చదివి వినిపిస్తుంది. చూడడానికి ఔదార్యంగానే ఉంటుంది. కాని పూర్తిగా చూపు లేనివాడి ఫోనులో చదివే సాధనం ముందే ఉన్నది. అతనికి కావలసింది దరఖాస్తులోని ప్రతి గడికీ లోపలి సంకేతంలో ఒక పేరు. ఆ పేరు పెట్టకపోతే సాధనం 'ఖాళీ గడి' అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. పుట అరబ్బీలో ఉన్నదో ఇంగ్లీషులో ఉన్నదో సంకేతం ప్రకటించకపోతే అరబ్బీ వాక్యాన్ని ఇంగ్లీషు గొంతు నమిలి ఉమ్ముతుంది. రెండు భాషల్లో నడిచే ఈ దేశంలో ఇది చిన్న విషయం కాదు. అంచున తేలే బొమ్మ వీటిని సరిచేయలేదు. ఏ వెబ్‌సైటునైనా తన సాధనం ప్రమాణబద్ధం చేసేస్తుందని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుని, 2025 జనవరిలో పది లక్షల డాలర్లు కట్టించే ఉత్తర్వు ప్రకటించింది.

ఈ ఊరిని ఇంతగా విమర్శిస్తూ ఒక మాట దాచడం న్యాయం కాదు. 2009లో మొదలైన మెట్రోలో చూపు లేనివారు కాలితో తాకి నడవగల గాడిపలకలు ప్లాట్‌ఫారం దాకా ఉన్నాయి. మన తెలుగు నగరాల్లో చక్రాల కుర్చీ పేవ్‌మెంటు ఎక్కడమే ఒక సాహసం. వెబ్ విషయంలోనూ మనం ముందున్నది లేదు. స్కాన్ చేసి పెట్టిన జీవోలు యంత్రానికి ఉత్త బొమ్మలు. అను ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌ను యూనికోడ్ మాత్రమే తెలిసిన సాధనం తెలుగుగా గుర్తించనైనా లేదు. అయితే న్యాయస్థానం దారి మార్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సుగమ్యతా ప్రమాణాలను ఐచ్ఛిక సూచనలుగా మిగిల్చిన 15వ నియమం మూలచట్టానికి విరుద్ధమని కొట్టివేసి, తప్పనిసరి నియమాలకు మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం. 2025 ఏప్రిల్‌లో మరో తీర్పు: యాసిడ్ దాడి వల్ల కళ్ళు ఆర్పలేని మహిళను కెవైసి యంత్రం 'కళ్ళు ఆర్పండి' అని అడిగిన వ్యవహారంలో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమన్నది కోర్టు. దుబాయిలో చట్టం ఉన్నది, డబ్బు ఉన్నది, నేర్పరులు ఉన్నారు. అక్షరం కంటికి ఆనని మనిషి పేరు పెట్టుకుని తలుపు తట్టిన దావా మాత్రం నాకింతవరకు కనిపించలేదు.

మూడు నెలల తరువాత ఫోర్‌మన్ మళ్ళీ వచ్చాడు. కంటికి ఇంజెక్షన్లు పడ్డాయి, చూపు పెరగలేదు గాని తరగనూ లేదు. దరఖాస్తుల సంగతి అడిగాను. ఇప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదివే కూతురు చూసుకుంటోందట. తండ్రి తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు, ఆమె అక్కడి నుంచి నింపుతుంది. ఓటీపీ వచ్చినప్పుడు పక్క మంచం కుర్రాడు గట్టిగా చదువుతాడు, తండ్రి ఫోనులో ఆమెకు చెబుతాడు. ఆ గదిలో ఆరుగురు ఉంటారు.